మోచెయ్యి నొప్పంటున్నాడు, వాళ్ల నాన్న అమెరికా అంటున్నారు

కావలి దగ్గరి ఒక ఊరి నుంచి ఓ తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊరి పేరు కూడా తీసేసి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాం.

ఆమె కొడుక్కి పద్నాలుగేళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఏడో తరగతిలో పీఈటీ సారు వాడి విసురు చూసి బేస్‌బాల్ జట్టులో చేర్చుకున్నారు. ఇప్పుడు వాడే ప్రధాన పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. ఈ మధ్య మూడు రోజుల పోటీల్లో నాలుగు మ్యాచ్‌లకూ వాడే పిచింగ్ చేశాడు. ఆదివారమైతే ఊళ్లో పిల్లకాయలతో క్రికెట్, స్కూలు పోటీలొస్తే జావెలిన్. రెండు నెలలుగా కుడి మోచెయ్యి లోపలి పక్కన నొప్పి అంటున్నాడు. పొద్దున లేవగానే చెయ్యి పూర్తిగా చాపలేడు. "బామ్ రాసి, నొప్పి మాత్ర ఒకటి మింగించి పంపిస్తున్నాం" అని రాశారామె. భర్త రొయ్యల గుంటలు కౌలుకు చేస్తారు. మ్యాచ్ ఓడితే గ్రౌండు నుంచి ఇంటికొచ్చేదాకా బండి మీద తిడుతూనే ఉంటారట. పిల్లవాడు ఇంట్లో మాట్లాడటం తగ్గించేశాడు. ఇంతలో ఎవరో ఫోను చేసి, మూడు లక్షలు కట్టి ఏడాది హైదరాబాదులో శిక్షణకు పంపితే అమెరికా కాలేజీలో స్కాలర్‌షిప్ ఖాయమన్నారు. ఈ పంట డబ్బు దానికేనని భర్త పట్టు. వచ్చే ఏడాది పదో తరగతి. "ఆట మాన్పిస్తే వాడు జన్మలో మరిచిపోడు, మాన్పించకపోతే చెయ్యి పోతుందేమోనని భయం. ఏం చెయ్యమంటారు?" అని అడిగారు. చివర్లో ఇంకో మాట: ఆరో తరగతి చదివే కూతురు తనకూ గ్లౌజు కావాలంటోంది, "ఆడపిల్లకెందుకు" అంటున్నారు వాళ్ల నానమ్మ.

అమ్మా,

మీ ఉత్తరంలో చెయ్యి, డబ్బు, ఇంట్లో మాట, మూడూ ఒకే ముడి పడిపోయాయి. విడదీసి చూస్తే వీటిలో ఆగలేనిది చెయ్యి ఒక్కటే. అమెరికా సంగతి ఇంకో రెండేళ్లు ఆగినా నష్టం లేదు. మోచెయ్యి రెండు వారాలు కూడా ఆగదు. అందుకే అక్కడే మొదలుపెడతాను.

పద్నాలుగేళ్ల పిల్లల ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి. మోచెయ్యి లోపలి పక్క, చిటికెన వేలి వైపు, చేత్తో తడిమితే ఒక ఎముక మొన తగులుతుంది. ఆ మొనకూ పెద్ద ఎముకకూ మధ్య గట్టిపడని మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక పెరిగేది అక్కడే. బంతిని బలంగా విసిరిన ప్రతిసారీ ముంజేతి కండరాలు, కీలును పట్టి ఉంచే బంధనం కలిసి ఆ మొనను కిందికి లాగుతాయి. పెద్దవాళ్లలో ఈ ఒత్తిడికి తెగేది బంధనం. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ టామీ జాన్ అనే పిచర్‌కి మొదటిసారి చేసిన ఆపరేషన్ దానికే. పిల్లల్లో మాత్రం బంధనం కంటే ఆ మెత్తటి పొరే బలహీనం, అందుకే ముందు అది విచ్చుకుంటుంది. తొలి దశలో పట్టుకుంటే ఎక్కువమందికి విశ్రాంతితోనే మానుతుంది. అలాగే ఆడిస్తూ పోతే ఎముక ముక్క ఊడి పక్కకు జరగొచ్చు, అప్పుడు ఆపరేషన్ దాకా వెళ్తుంది. మీవాడికి ఉన్నది ఇదేనని ఉత్తరం చూసి చెప్పకూడదు. కానీ రెండు నెలల నొప్పి, పొద్దున చెయ్యి చాపలేకపోవడం అన్నవి డాక్టరుకు చూపించాల్సిన లక్షణాలు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

నొప్పి మాత్ర ఇచ్చి ఆటకు పంపడం ఈరోజే మానేయండి. ఆ మాత్ర దెబ్బను మాన్పదు, దెబ్బ ఉందన్న కబురును మాత్రమే ఆపుతుంది. డాక్టరు చూసేదాకా విసరడం పూర్తిగా బంద్. పిచింగ్ ఒక్కటే కాదు, ఆదివారం క్రికెట్లో బౌండరీ నుంచి విసిరే త్రోలు, జావెలిన్, చెట్టు మీద మామిడికాయలకు విసిరే రాళ్లు కూడా. ఆ కీలుకు అన్నీ ఒకటే. నెల్లూరులోనో ఒంగోలులోనో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "చెయ్యి నొప్పండీ" అని వదిలెయ్యకండి. వయసు పద్నాలుగు, బేస్‌బాల్ పిచర్, వారానికి ఎన్ని రోజులు విసురుతాడు, నొప్పి విసిరేటప్పుడా తర్వాతా, ఎప్పటి నుంచి అని ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించి పోల్చి చూడమని అడగండి. ఎదిగే పిల్లల ఎక్స్‌రేలో బాగున్న చెయ్యి పక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నా, వాపు వచ్చినా, విసురుతుండగా టప్పుమని శబ్దం వచ్చినా అదే రోజు చూపించాలి.

డాక్టరు విశ్రాంతి చెబితే అది వారాల మాటే, ఒక్కోసారి రెండు మూడు నెలలు కూడా. పిల్లలు తప్పు చేసేది నొప్పి పోయిన మొదటి రోజున. నొప్పి లేదు కదా అని ఒకేసారి బలం పెడతారు, మళ్లీ మొదటికొస్తుంది. తిరిగి మొదలుపెట్టడం మెట్టు మెట్టుగా జరగాలి. డాక్టరు సరేనన్నాక దాదాపు 14 మీటర్ల దూరం నుంచి మెల్లగా 25 త్రోలు, పది నిమిషాలు ఆగి ఇంకో 25. రోజు విడిచి రోజే. ఒక్కో దూరంలో రెండుసార్లు నొప్పి లేకుండా పూర్తయితేనే 18, తర్వాత 27, ఆపైన 36 మీటర్లకు. ఎక్కడ నొప్పి వస్తే అక్కడ ఆగి, తగ్గాక ఒక మెట్టు వెనక్కి. ఇవన్నీ దాటాకే పిచర్ నిలబడే మట్టి దిబ్బ ఎక్కి పిచింగ్, అదీ సగం బలంతో.

ఈ నొప్పి ఎందుకు వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది. మూడు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు. మ్యాచ్‌కు 60 పిచ్‌లే (పిచర్ వేసే బంతులు) అనుకున్నా 240 అయ్యాయి. అమెరికాలో పెద్ద వృత్తి లీగ్ అయిన మేజర్ లీగ్, అక్కడి జాతీయ సంస్థ యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి పిల్లల కోసం 'పిచ్ స్మార్ట్' పేరుతో పెట్టిన హద్దులు చూడండి. 13, 14 ఏళ్లవాళ్లు ఒక రోజులో 95 పిచ్‌లు దాటకూడదు. 20 దాకా వేస్తే మర్నాడు ఆడొచ్చు. 21 నుంచి 35 అయితే ఒక రోజు, 50 దాకా అయితే రెండు రోజులు, 65 దాకా మూడు రోజులు, 66 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఆ లెక్కన మీవాడు మొదటి మ్యాచ్ అయ్యాక ఆ పోటీల్లో మళ్లీ పిచింగ్ చెయ్యనేకూడదు. పిచింగ్ చేసినవాణ్ని అదే మ్యాచ్‌లో క్యాచర్‌గానూ (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) పెట్టకూడదు, క్యాచరూ దాదాపు అన్ని బంతులూ తిరిగి విసురుతాడు. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో రెండు మూడు నెలలు ఏకబిగిన చెయ్యి పైకెత్తి విసరడమే ఉండకూడదు. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలు ఎటూ ఆ పని చేసిపెడతాయి. ఆ సెలవుల్లో క్రికెట్ టోర్నీలకు పంపకుండా ఉంటే చాలు.

అలసిన చేత్తో వెయ్యడం అన్నిటికంటే చెడ్డది. 2006లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో, మోచెయ్యికో భుజానికో ఆపరేషన్ దాకా వెళ్లిన కుర్ర పిచర్లను బాగున్నవాళ్లతో పోల్చారు. చెయ్యి అలిసిపోయినా తరచూ వేసినవాళ్లకు ఆ ముప్పు 36 రెట్లు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి వేసినవాళ్లకు 5 రెట్లు. అలసట బయటి నుంచి కనబడుతుంది: బంతులు పైపైకి పోతుంటాయి, మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతుంది, పిచ్‌కీ పిచ్‌కీ మధ్య ఎక్కువ సేపు తీసుకుంటాడు, చెయ్యి విదిలిస్తుంటాడు, వరసగా గురి తప్పిన బంతులేసి బ్యాటర్లను ఊరికే మొదటి బేస్‌కు (పరుగు దారిలోని మజిలీ) పంపేస్తాడు. వీటిలో ఏ రెండు కలిసి కనబడినా పిచ్‌ల సంఖ్య ఎంతైనా సరే దించెయ్యాలి.

పీఈటీ సారును తప్పు పట్టకండి. ఒక్క మాస్టారు, అన్ని ఆటలు, చేతిలో ఒక్క మంచి పిచర్. గెలవాలంటే ఆయనకు కనబడేది మీవాడే. దెబ్బలాటకు వెళ్లినట్టు కాకుండా డాక్టరు చీటీతో వెళ్లి, "సారూ, ఇంకో ఇద్దరిని పిచర్లుగా తయారు చేసుకుందాం, మావాడు వాళ్లకు నేర్పుతాడు" అనండి. క్రికెట్లో సూటిగా త్రో కొట్టే పిల్లకాయలు ప్రతి క్లాసులో ఇద్దరు ముగ్గురు ఉంటారు. 18.44 మీటర్ల దూరం నుంచి పదిలో ఆరు బంతులు స్ట్రైక్ జోన్‌లో (బ్యాటర్ ముందు సరైన బంతి పడాల్సిన చోటు) వెయ్యగలవాడు వేగం తక్కువైనా స్కూలు స్థాయిలో పనికొస్తాడు. జట్టుకు ముగ్గురు పిచర్లుంటే మూడు రోజుల పోటీ నడుస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. బేస్‌బాల్‌లో పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాణ్ని పెట్టుకోవచ్చు, డిజిగ్నేటెడ్ హిట్టర్ అంటారు. డాక్టరు బ్యాటింగుకు ఒప్పుకుంటే మీవాడు ఒక్క త్రో కూడా వెయ్యకుండా జట్టులో ఉండొచ్చు. జపాన్ ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ 2023 సెప్టెంబరులో మోచెయ్యి ఆపరేషన్ చేయించుకుని, 2024 అంతా పిచింగ్ లేకుండా ఇలాగే ఆడాడు. ఆ ఏడాది 54 హోమ్ రన్‌లు (క్రికెట్లో సిక్సర్ లాంటివి), 59 బేస్ దొంగతనాలు (ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం). ఈ సంగతి మీవాడికీ చెప్పండి, వాళ్ల నాన్నకూ చెప్పండి.

ఆయన గురించి. ఉత్తరంలో మీరు కోపంగా రాశారు, అది న్యాయమే. కానీ కొడుకు ఆడే ప్రతి మ్యాచ్‌కూ గుంటల పని వదిలి వెళ్లే తండ్రి ఆయన. ఆ పట్టుదలకు ఒక పని అప్పగించాలి. రొయ్యలకు మేత ఎలా వేస్తారో ఆయనకు మీరూ నేనూ చెప్పక్కర్లేదు. చెక్ ట్రే ఎత్తి చూసి, మేత మిగిలితే తగ్గించి, ఏ రోజు ఎంత వేసిందీ పుస్తకంలో రాస్తారు. తొందరగా పెరగాలని ఎక్కువ మేత గుమ్మరిస్తే నీరు చెడి గుంటే పోతుందని ఆయనకు తెలుసు. కొడుకు చేతికీ అలాంటి పుస్తకమే పెట్టమనండి. ప్రతి పిచ్‌కీ ఒక గీత, ఐదుకో అడ్డగీత. తేదీ, మ్యాచా ప్రాక్టీసా, మొత్తం ఎన్ని, మర్నాడు పొద్దున చెయ్యి పూర్తిగా చాపాడా లేదా. పక్కన క్రికెట్, జావెలిన్ విసుర్లు కూడా. గీతలు గీస్తున్న మనిషి అరవడం తగ్గిస్తాడు, కొడుకును చూసే తీరు కూడా మారుతుంది. పోటీలో "హద్దు అయిపోయింది సారూ" అని చెప్పగలిగే మనిషీ ఆయనే అవుతారు. తల్లి చెబితే భయపడుతోందంటారు, తండ్రి పుస్తకం చూపిస్తే వింటారు. అలా ఉండకూడదు, కానీ ఉన్నమాట అది.

బండి మీద తిట్లు మాత్రం ఆగాలి. ఓడిన పిల్లవాడికి ఏ బంతి తప్పిందో అందరికంటే బాగా తెలుసు. ఆ అరగంటలో చెప్పిన మాట వాడి చెవికెక్కదు, నాన్నతో బండెక్కాలంటే భయం మాత్రం మిగులుతుంది. ఆట అయిన రోజు ఆ మాట కొడుకు ఎత్తితేనే మాట్లాడటమని భార్యాభర్తలిద్దరూ ఒక ఒప్పందానికి రండి. మర్నాడు కావాలంటే ఒక్క సంగతి, అదీ అడిగే పద్ధతిలో: "ఆ మూడో ఇన్నింగ్స్‌లో చెయ్యి బరువెక్కిందా?" ఇంకో ప్రమాదం కూడా ఉంది. తిట్లకు భయపడే పిల్లవాడు నొప్పిని దాస్తాడు. మీవాడు నొప్పి సంగతి మీకు చెప్పాడు, వాళ్ల నాన్నకు కూడా చెప్పాడా?

ఇక మూడు లక్షలు. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం, డివిజన్ వన్ (పై స్థాయి కాలేజీల) బేస్‌బాల్ కోచ్‌లు పదకొండో తరగతి మొదలయ్యే ఏడాది ఆగస్టు 1 దాకా పిల్లవాడితో మాట్లాడకూడదు. తొమ్మిదో తరగతి కుర్రాడికి ఎవరైనా ఇప్పుడే ఖాయమంటున్నారంటే ఆ మాట ఇచ్చే అధికారం వాళ్లకు లేదు. స్కాలర్‌షిప్ ఇచ్చేది కాలేజీ, మధ్యవర్తి కాదు. ఎన్నో ఏళ్లపాటు డివిజన్ వన్ జట్టు మొత్తానికి కలిపి 11.7 స్కాలర్‌షిప్పులే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. 2025 నుంచి చాలా కాలేజీలకు ఆ హద్దు పోయి జట్టుకు 34 మంది అన్న హద్దు వచ్చింది. అయినా ఖర్చంతా భరించే సీటు సులువుగా దొరకదు. డివిజన్ త్రీ కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వనే ఇవ్వవు. మీవారికి తప్పక చెప్పాల్సింది ఇంకొకటి: డివిజన్ వన్‌లో ఆడాలంటే తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల్లో 16 ముఖ్య పాఠ్యాంశాల మార్కులు చూస్తారు. అంటే అమెరికా దారి ఈ తొమ్మిదో తరగతి మార్కుల మీదుగానే పోతుంది. చదువు మాన్పించి పంపితే ఆ దారి అక్కడే మూసుకుంటుంది.

మళ్లీ ఫోను వస్తే ఏ కాలేజీ, కోచ్ ఎవరు, కాలేజీ ఈమెయిల్ నుంచి వచ్చిన ఉత్తరం ఏదీ అని అడగండి. సీటు రాకపోతే డబ్బు వాపసిస్తారా, రాసివ్వండి అనండి. ఇంతకుముందు వెళ్లిన పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడించమనండి. శిక్షణలో పిచ్‌లు లెక్కపెట్టేది ఎవరు, హాస్టల్లో ఉండి చదువు ఏ స్కూల్లో అని కూడా. వీటికి కాగితం మీద జవాబు రాకపోతే పంట డబ్బు ఇంట్లోనే ఉంచండి. జవాబులన్నీ సరిగ్గా ఉన్నా, నొప్పి చేత్తో శిక్షణకు పంపడం మాత్రం డబ్బుకు కాదు, చెయ్యికే నష్టం.

2008లో లక్నో క్రీడా హాస్టల్ నుంచి వచ్చిన జావెలిన్ కుర్రాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ బేస్‌బాల్ విసిరే ఒక పోటీలో గెలిచి పిట్స్‌బర్గ్ పైరేట్స్ అనే అమెరికా జట్టు సంస్థతో ఒప్పందం చేసుకున్నారు. మీవారి కలకు మూలం ఈ కథే అయ్యుంటుంది. అది నిజమే. దినేశ్ 2010లో వెనక్కి వచ్చేశాడు, రింకూ కొన్నేళ్లు కింది స్థాయి లీగుల్లో బాగా ఆడి, చేతి గాయాలతో ఆగిపోయి, 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలో చేరాడు. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ మ్యాచ్ ఆడలేదు. అది ఓటమని అనను. ఆ దారి ఎంత ఇరుకో తెలియాలని చెబుతున్నాను.

మనకు అందుబాటులో ఉన్న దారులు ఇంతకంటే చిన్నవి, కానీ గట్టివి. కేంద్ర ఉద్యోగాల క్రీడా కోటా జాబితాను 2020లో 43 ఆటల నుంచి 63కు పెంచినప్పుడు బేస్‌బాల్ చేరింది. మన రాష్ట్రం 2024 క్రీడా విధానంలో ఉద్యోగాల కోటాను 3 శాతం చేసింది. ఒంగోలు సహా ట్రిపుల్ ఐటీ సీట్లలోనూ క్రీడలకు చిన్న వాటా ఉంది, కాకపోతే అక్కడ పదో తరగతి మార్కులు ముందు. డిగ్రీలో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం కిందికి వచ్చే కాలేజీలో చేరితే యూనివర్సిటీ జట్టుకు పోటీ పడొచ్చు. ఆటనే వృత్తి చేసుకోవాలంటే వ్యాయామ విద్య ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాసి ఇంటర్ తర్వాత డీపీఈడీ, డిగ్రీ తర్వాత బీపీఈడీ చెయ్యొచ్చు. వీటన్నిటిలో నిజంగా బరువున్నది రాష్ట్రం తరఫున జాతీయ స్కూల్ గేమ్స్ ఆడిన సర్టిఫికెట్. జిల్లా స్థాయి కాగితంతో పెద్దగా జరగదు. సర్టిఫికెట్ మీద పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో అక్షరం అక్షరం కలవాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాతో తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఎంట్రీ ఫారం నింపేటప్పుడే చూసుకోండి.

మరి వచ్చే ఏడాది ఏం చెయ్యాలి? పూర్తిగా మాన్పిస్తే చదువుకు సమయం దొరుకుతుంది, చెయ్యి కూడా మానుతుంది. కానీ వాడి స్నేహితులంతా ఆ జట్టులోనే ఉన్నారు, ఇప్పటికే మాట తగ్గించిన పిల్లవాడు ఇంకా ముడుచుకోవచ్చు. ఇప్పుడున్నట్టే కొనసాగిస్తే ఈ ఏడాది పతకం రావచ్చు, అండర్-19కి చెయ్యే మిగలకపోవచ్చు. మధ్య దారి: పదో తరగతి ఏడాదంతా పిచింగ్ లేకుండా బ్యాటింగ్, చెయ్యి కుదిరాక విసరడం తక్కువుండే ఫస్ట్ బేస్ స్థానం. వారానికి మూడు రోజులు, పొద్దున గంట. సంక్రాంతి నుంచి పరీక్షలయ్యేదాకా పరుగు, కాళ్ల వ్యాయామం మాత్రమే. దీనివల్ల ఒక ఏడాది పిచర్‌గా సెలక్షన్ పోవచ్చు, ఆ బాధ వాడికి ఉంటుంది. నా మొగ్గు దీనివైపే. అయితే నిర్ణయం ముందు వాణ్నే అడగండి, నాన్న లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి. రెండు జవాబులూ ఒకటే అయితే ఆటను వాడు నిజంగా కోరుకుంటున్నట్టే. వేరువేరైతే మొదటిదాన్ని నమ్మండి.

చిన్నమ్మాయికి గ్లౌజు కొనండి. అమ్మాయిలు స్కూలు పోటీల్లో ఎక్కువగా ఆడేది సాఫ్ట్‌బాల్. కేంద్ర కోటా పాత 43 ఆటల జాబితాలోనే అది ఉంది, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ ఉంది. అత్తగారికి ఈ రెండు సంగతులూ చెప్పండి. అన్న గ్లౌజునే ఇచ్చి మాత్రం సరిపెట్టకండి. బేస్‌బాల్ చుట్టుకొలత 9 అంగుళాలు, స్కూలు పోటీల్లో వాడే సాఫ్ట్‌బాల్ 12 అంగుళాలు, ఆ బంతి అన్న గ్లౌజు జేబులో సరిగా కూర్చోదు. కుడిచేతి వాటమైతే ఎడమ చేతికి తొడిగే సాఫ్ట్‌బాల్ గ్లౌజు, వేళ్లు లోపల ఈదకుండా పట్టు వచ్చే సైజులో తీసుకోండి. సాఫ్ట్‌బాల్ పిచింగ్ చెయ్యి కిందినుంచి తిప్పి వేసేదే అయినా భుజం మీద భారం బాగానే పడుతుంది. వాళ్ల నాన్న పుస్తకంలో ఆ పిల్లకూ ఒక పేజీ కేటాయించమనండి.